తెలుగులోకి రాని మాట దగ్గర ఆగు

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సత్తెనపల్లి వైపు పల్లె నుంచి గుంటూరు వచ్చి బి.ఎ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నావు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. నాన్నగారు పొలం కౌలుకు తీసుకుని మిర్చి వేస్తారు. మొదటి సంవత్సరం అయిపోయింది, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇప్పుడు మీ మేడమ్ "ఏడాది పాటు చదివిన ఇంగ్లీషు సాహిత్యం మీకు ఏమిచ్చిందో రెండు పేజీలు రాసుకురండి" అన్నారు. కాగితం ముందు పెట్టుకుంటే గైడులో బట్టీపట్టిన వాక్యాలే వస్తున్నాయి తప్ప సొంత మాట ఒక్కటీ రావడం లేదన్నావు. ప్రతి పంక్తినీ మనసులో తెలుగులోకి మార్చుకుంటే గాని అర్థం కావడం లేదని, "ఇంగ్లీషులోనే ఆలోచించాలి" అని క్లాసులో విన్నప్పుడల్లా ఈ చదువుకు నువ్వు తగవేమో అనిపిస్తోందని రాశావు. ఏడాది వృథా అయినట్టేనా అని అడిగావు.

కాలేదు. గుంటూరు, విజయవాడ డిగ్రీ కళాశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరైనవాణ్ణి. నీలాంటి పిల్లలే మా క్లాసులో ఎక్కువమంది ఉండేవారు. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఓపికగా చదువు.

ముందు ఆ "ఇంగ్లీషులోనే ఆలోచించు" అనే మాట సంగతి. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు, ఎవరితోనైనా గబగబా మాట్లాడాల్సి వచ్చినప్పుడు అది మంచి సలహా. అక్కడ వేగం కావాలి. పద్యం చదివేటప్పుడు వేగంతో పని లేదు. పద్యాన్ని ఎంత నెమ్మదిగా చదివితే అంత దక్కుతుంది. నువ్వు పంక్తి పంక్తికీ తెలుగు చేసుకుంటున్నావంటే, నీకు తెలియకుండానే నెమ్మదిగా చదువుతున్నావన్నమాట. అది నీ లోపం కాదు. తెలుగు చేయడం ఎక్కడ కుదరలేదో, అక్కడ ఆగకుండా గైడులో అర్థం చూసుకుని ముందుకు పోవడం, దిద్దుకోవలసింది అదొక్కటే.

నీ సిలబస్‌లో ఉన్నాయన్న మూడింటితోనే చూపిస్తాను.

షేక్‌స్పియర్ 18వ సానెట్. సానెట్ అంటే పద్నాలుగు పంక్తుల పద్యం. ఇది "నిన్ను వేసవి రోజుతో పోల్చనా?" అని మొదలవుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడినవాళ్లను అలా పోలిస్తే తిట్టినట్టే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనుకునే ఊళ్లు మనవి. ఇంగ్లండులో వేసవి హాయిగా ఉంటుందని గైడులో ఒక వాక్యం ఉంటుంది. నిజమే, కానీ అది గుమ్మం మాత్రమే. లోపలికి రా. రెండో పంక్తిలో 'టెంపరేట్' అనే మాట ఉంది. బడిలో సాంఘికశాస్త్రం పుస్తకంలో 'సమశీతోష్ణ మండలం' అని చదువుకున్నావే, అక్కడ ఇంగ్లీషు పుస్తకంలో ఉండే మాట ఇదే. మరి "నువ్వు వేసవి కంటే సమశీతోష్ణం" అని తెలుగు చేస్తే ఎలా ఉంది? మనిషిని అలా అనం. ఇక్కడ తెలుగు మొరాయిస్తుంది. నిఘంటువు తీస్తే ఆ మాటకు ఇంకో అర్థం కనిపిస్తుంది: అతికి పోని స్వభావం, నిగ్రహం, నెమ్మదితనం. మనకు రెండు మాటలు కావలసినచోట ఇంగ్లీషుకు ఒకటే సరిపోయింది. పద్యమంతా వాతావరణానికీ మనిషికీ మధ్య పోలిక మీద నడవాలి గనుక, రెండింటికీ చెల్లే మాటను కవి ఎత్తుగడలోనే పెట్టుకున్నాడు. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు ఆ మాట మీదుగా జారిపోవచ్చు. నువ్వు జారలేవు, తెలుగు నిన్ను అక్కడ పట్టి ఆపుతుంది.

నాలుగో పంక్తి దగ్గర నీకు ఇంకా పెద్ద ఆస్తి ఉంది. వేసవికి ఉన్న 'లీజ్' గడువు మరీ తక్కువ అంటాడు. గైడులో "వేసవి కాలం త్వరగా ముగుస్తుంది" అని ఉండి ఉంటుంది. అర్థం తప్పు కాదు గానీ పద్యం అందులోంచి ఎగిరిపోయింది. 'లీజ్' అంటే కౌలు. పంక్తి చివర ఉన్న 'డేట్' అంటే తేదీ కాదు, గడువు. వేసవి ఈ లోకంలో సొంత ఆసామి కాదు, కౌలుదారు. ఉన్నన్నాళ్లు పచ్చగా ఉంచుతుంది, గడువు తీరగానే ఖాళీ చేసి పోవాలి. ఇప్పుడు అక్కడి నుంచి పదో పంక్తికి రా. నీ అందం మీద నీకున్న 'పొజెషన్' పోదు అంటాడు. అంటే స్వాధీనం. అదే పంక్తి చివరి మాట ఇప్పటి ఇంగ్లీషులో 'అప్పుపడ్డావు' అన్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ కాలంలో దానికి 'నీకు సొంతమైన' అని అర్థం ఉంది. చూశావా? ఒకవైపు కౌలు, గడువు. మరోవైపు స్వాధీనం, సొంతం. వేసవిది కౌలు బతుకు, నీ వేసవి మాత్రం నీ సొంత భూమి అంటున్నాడు కవి. కౌలు భూమికీ సొంత భూమికీ తేడా ఏమిటో పట్నంలో పుట్టిన పిల్లలకు వివరించి చెప్పాలి. నీకు ఎవరూ చెప్పక్కరలేదు. మిర్చి పంట బాగా పండిన ఏడాది, వచ్చే ఏడు ఆసామి పొలం మళ్లీ ఇస్తాడో లేదో అనే దిగులు మీ ఇంట్లో నువ్వు చూసే ఉంటావు. ఆ దిగులు నాలుగు వందల ఏళ్ల కింద రాసిన ఈ పంక్తిలో ఉంది. ఈ సానెట్లు అచ్చయింది 1609లో.

ఇదే పద్యంలో సూర్యుణ్ణి 'ఆకాశపు కన్ను' అంటాడు. మన పద్యాల్లో సూర్యుడికి జగచ్చక్షువు అనే పేరు ఉంది కదా. ఈ సంగతి ఒక వాక్యంలో రాస్తే చాలు, ఎక్కువ సాగదీయకు. అంతకంటే విలువైనది ఇంకొకటి ఉంది. 18వ సానెట్‌ను ఒంటరిగా చదవకు, దాని ముందువాటిని కూడా ఒకసారి తిరగెయ్యి. మొదటి పదిహేడు సానెట్లలో కవి ఒక యువకుణ్ణి పెళ్లి చేసుకో, బిడ్డను కను, నీ అందం ఆ బిడ్డలో నిలుస్తుంది అని పోరుతూ ఉంటాడు. పదిహేడోదాని చివర, నీకొక బిడ్డ ఉంటే నువ్వు రెండుసార్లు బతుకుతావు, ఆ బిడ్డలో ఒకసారి, నా పద్యంలో ఒకసారి అంటాడు. పద్దెనిమిదికి వచ్చేసరికి బిడ్డ ప్రస్తావనే లేదు. మనుషులు ఊపిరి పీల్చినంత కాలం ఈ పద్యమే నీకు ప్రాణం పోస్తుంది అంటాడు. ఇప్పుడు మన సప్తసంతానాలు గుర్తు తెచ్చుకో: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. మనిషి పేరు నిలిపేవాటి పట్టికలో కొడుకునూ కావ్యాన్నీ మనవాళ్లు ఒకే వరసలో కూర్చోబెట్టారు. రాజులు కవుల చేత కృతులు అంకితం ఇప్పించుకున్నది అందుకే. షేక్‌స్పియర్‌కు ఈ పట్టిక తెలియదు. అయినా పదిహేడో సానెట్ నుంచి పద్దెనిమిదో సానెట్‌కు వచ్చేలోపు ఒక సంతానం నుంచి ఇంకో సంతానానికి మారాడు. ఇంటర్‌లో తెలుగు పద్యాలు చదివిన పిల్ల రాయగలిగిన మాట ఇది. ఏ గైడులోనూ దొరకదు.

ఇంకో సంగతి. పద్యాన్ని పైకి చదువు. హాస్టల్ గదిలో సిగ్గుగా ఉంటే మేడ మీదకు వెళ్లి చదువు. మన ఛందస్సు గురువులు, లఘువుల మీద నడుస్తుంది, అంటే పలకడానికి పట్టే కాలం మీద. ఇంగ్లీషు ఛందస్సు ఊనిక మీద నడుస్తుంది, అంటే ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామో దాని మీద. మనం ఇంగ్లీషు మాటలను అన్ని అక్షరాలూ ఒకే బరువుతో పలుకుతాం కాబట్టి ఆ నడక చెవికి అందదు. 'రికార్డ్' అనే మాట నామవాచకమైతే మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద ఊనిక పడుతుంది. ఇలాంటివి ఓ పది మాటలు పట్టుకుని సాధన చెయ్యి, ఆ తర్వాత సానెట్ చదువు. పంక్తికి అయిదు ఊనికలు వినిపించడం మొదలవుతుంది. పద్నాలుగు పంక్తుల్లో చివరి రెండు విడిగా ఎందుకు నిలబడతాయో అర్థం కాకపోతే సీసపద్యం గుర్తు చేసుకో. నాలుగు పెద్ద పాదాలూ నడిచాక తేటగీతి గానీ ఆటవెలది గానీ వచ్చి, అప్పటిదాకా పోగైనదాన్ని తేల్చేస్తుంది. ఆ ఎత్తుగీతి చేసే పనిని ఇక్కడ చివరి రెండు పంక్తులు చేస్తాయి.

వర్డ్స్‌వర్త్ డాఫోడిల్స్ పద్యం గురించి "ఆ పువ్వు నేనెప్పుడూ చూడలేదు, నాకెలా అర్థమవుతుంది" అన్నావు. పువ్వును వదిలేయ్, క్రియలను చూడు. మొదటి మూడు చరణాలూ భూతకాలం: తిరిగాను, చూశాను, చూస్తూ ఉండిపోయాను. నాలుగో చరణంలో హఠాత్తుగా వర్తమానం వస్తుంది: మంచం మీద వాలినప్పుడు అవి లోకన్నుకు, అంటే మనసు లోపలి కన్నుకు, మెరుస్తాయి. తెలుగులో 'మెరుస్తాయి' అన్నావంటే అది తద్ధర్మం, ఎప్పుడూ జరిగే పని. 'మెరిశాయి' నుంచి 'మెరుస్తాయి'కి మారడంలోనే పద్యం ఉంది. అసలు నడక 1802 ఏప్రిల్ 15న జరిగింది. చెల్లెలు డొరతీ పక్కనే ఉంది, ఆ పూల సంగతి తన దినచర్య పుస్తకంలో రాసుకుంది కూడా. పద్యం 1807లో అచ్చయింది. పక్కన చెల్లెలు ఉన్నా పద్యంలో మాత్రం ఒంటరిగా తిరిగానంటాడు. ఎందుకన్నాడు? ఈ ప్రశ్నకు నీ సమాధానం నీదే. నాదైతే, ఆ ఒంటరితనం నడకది కాదు, తర్వాత మంచం మీద వాలిన మనిషిది. అన్నట్టు ఆ 'లోకన్ను' పంక్తులు రెండూ కవి భార్య మేరీ ఇచ్చినవి.

ఇక డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'. "అంత లావు పుస్తకం చదవలేక సారాంశం చదివాను" అన్నావు. నిన్ను తప్పుపట్టను, కానీ సెలవుల్లో ఇది మాత్రం తప్పక చదువు. ఆ నవల మొదట పుస్తకంగా రాలేదు. 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు వరకు డికెన్స్ నడిపిన వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. మొత్తం 59 అధ్యాయాలు, 36 వారాలు. మీ అమ్మమ్మ తరంవాళ్లు వారపత్రిక సీరియల్ చివర 'సశేషం' చూసి మళ్లీ వారం దాకా ఎదురుచూసినట్టే లండన్‌లో జనం ఎదురుచూశారు. నువ్వూ అలాగే వారానికి ఒకటో రెండో అధ్యాయాలు చదువు. రాసినవాడు అనుకున్న వేగం అదే.

కథ నీకు తెలుసు. పిప్ అనే అనాథ పిల్లవాణ్ణి అక్క, ఆమె భర్త జో పెంచుతారు. జో కమ్మరి. పిప్‌కు ఎవరో డబ్బు ఏర్పాటు చేయడంతో పెద్దమనిషి అవడానికి లండన్ వెళ్తాడు. 27వ అధ్యాయంలో జో అతన్ని చూడటానికి లండన్ వస్తాడు. డబ్బిచ్చి అతని రాకను ఆపగలిగితే తప్పక ఇచ్చేవాణ్ణని పిప్ ఒప్పుకుంటాడు. జో తన టోపీని ఎక్కడ పెట్టాలో తెలియక చలిమంట గూటి పైనున్న పలక అంచున పెడతాడు, అది మాటిమాటికీ జారిపడుతుంది. టోపీని చూసి నవ్వుకుని వదిలేయకు, జో మాట విను. ఒకసారి చనువుగా "పిప్, ఓల్డ్ చాప్" అంటాడు, ఆ వెంటనే "సర్" అంటాడు. మళ్లీ చనువు, మళ్లీ "సర్".

దీన్ని తెలుగు చేసి చూడు. ముందు, జో ఎవరు? అక్క మొగుడు, అంటే బావ. ఇంగ్లీషు పుస్తకంలో పిప్ అతన్ని పేరు పెట్టి పిలుస్తాడు గనుక ఆ చుట్టరికం మనకు మరుగున పడుతుంది. 'బావ' అనుకుని చదివితే ఆ గదిలో గాలే మారిపోతుంది. ఎత్తుకుని పెంచిన బావ, పట్నంలో చదువుకుంటున్న బావమరిది గదికి వచ్చి "ఏరా, బాగున్నావా" అని మొదలుపెట్టి, "మీరు" అని మారి, మళ్లీ "నువ్వు"లోకి జారి తడబడుతున్నాడు. షేక్‌స్పియర్ కాలంలో ఇంగ్లీషులోనూ నువ్వు, మీరు అనే తేడా ఉండేది. సానెట్‌లో నువ్వు చదివిన 'దీ' మన 'నిన్ను'. డికెన్స్ కాలానికి లండన్ మాటలో అది పోయి, అందరికీ 'యూ' ఒక్కటే మిగిలింది. కాబట్టి జోకు 'మీరు' అనడానికి మాట లేదు. ఆ లోటును 'సర్'తో నింపుకున్నాడు. మనకు ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది. అందుకే ఆ అధ్యాయం తెలుగు పిల్లలకు మిగతావాళ్ల కంటే ఎక్కువ గుచ్చుకుంటుందని నా నమ్మకం.

ఈ పాఠం చెప్పిన ఒక రోజు క్లాసు అయ్యాక వెనక బెంచీ కుర్రాడు ఒకడు ఆగిపోయాడు. అందరూ వెళ్లేదాకా పుస్తకం మడత సరిచేస్తూ నిలబడ్డాడు. అంతకు ముందు వారం వాళ్ల నాన్న పంచె, కండువాతో హాస్టల్ గేటు దగ్గరకు వచ్చి, ఊరగాయ జాడీ గుడ్డలో కట్టి ఇచ్చాడట. స్నేహితులు ఎవరని అడిగితే "మా ఊరాయన" అన్నాడట. జాడీ ఇంకా మూత తీయలేదు సార్ అన్నాడు. ఏమీ అనలేకపోయాను. ఇది తెలుగులో రాసివ్వు, మార్కులు ఉండవు అన్నాను. అర పేజీ రాసిచ్చాడు. తర్వాత తనే నాలుగైదు రోజులు కూర్చుని దాన్ని ఇంగ్లీషు చేశాడు. వ్యాకరణం తప్పులున్నాయి. అయినా పిప్ గురించి ఆ ఏడాది నేను దిద్దిన కాగితాల్లో అంతటి సమాధానం ఇంకొకటి లేదు. నేనూ మొదట్లో చాలా ఏళ్లు నోట్సు చెప్పి రాయించినవాణ్ణే. ఆ కాగితం చేతికి వచ్చాక మానేశాను.

ఇలా రెండు భాషల మధ్య నిలబడి చదవడం నీతో మొదలైంది కాదు. కందుకూరి వీరేశలింగం గోల్డ్‌స్మిత్ నవల చదివి, ఆ ప్రేరణతో 1878లో రాజశేఖర చరిత్రం రాశారు. కొన్నేళ్లకే అది ఇంగ్లీషులోకి కూడా వెళ్లింది. మీ గుంటూరులోనే ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో మొదలైంది. ఇంటి భాష తెలుగు, పుస్తకం భాష ఇంగ్లీషు అయిన పిల్లలు అప్పటి నుంచీ ఆ ఊళ్లో ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణగారు కూడా కొంతకాలం అక్కడ పాఠాలు చెప్పారు.

పుస్తకాల సంగతి క్లుప్తంగా. నీ సిలబస్‌లోని ఈ మూడింటికీ కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది, ఇంటర్నెట్‌లో ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి. కాగితం పుస్తకమే కావాలంటే ఒక ఆదివారం విజయవాడ వెళ్లి లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాలు చూడు. గైడు కొనే డబ్బుతో నవల వస్తుంది, వెనక అట్ట చిరిగి ఉన్నా సరే. గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, వెళ్లి కూర్చో. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుతో పాటు ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకో. మొదటిది తెలుగు మాట ఇస్తుంది. ఆ మాట ఎంతవరకు సరిపోతుందో రెండోది చూపిస్తుంది. గైడును పరీక్ష ముందు వారం తెరువు, తప్పులేదు. కానీ పద్యం ముందు చదివి, గైడు తర్వాత చదువు. ఈ వరస ఒక్కటి మారితే చాలా మారుతుంది.

ఇక ఆ రెండు పేజీలు. మీ మేడమ్ అడిగినది షేక్‌స్పియర్ గొప్పతనం కాదు, నీకు ఏమి దక్కిందని. ఏడాదిలో చదివినవన్నీ ఏకరువు పెట్టకు. ఒకే ఒక్క మాట తీసుకో. నా సలహా అయితే 'లీజ్'. ముందు తెలుగులో రాయి, ఎవరికీ చూపించనక్కరలేదు. తర్వాత నీకు వచ్చిన ఇంగ్లీషులోనే, చిన్న చిన్న వాక్యాల్లో మార్చు. మార్చేటప్పుడు 'కౌలు' దగ్గర ఇంగ్లీషు మొరాయిస్తుంది. మన కౌలులో ఉన్న నోటిమాట ఒప్పందం, పంట పోయినా కట్టవలసిన డబ్బు, పక్క ఏడాది మీద భయం, ఇవన్నీ 'లీజ్'లో ఇమడవు. ఎందుకు ఇమడవో కూడా రాయి. రెండో పేజీ అదే.

మొదలుపెట్టడం కష్టంగా ఉంటే ఇలా మొదలుపెట్టు: "ఈ ఏడాది నేను ఒక మాట దగ్గర ఆగాను. మా నాన్న కౌలు రైతు." తర్వాతి వాక్యం కోసం ఈ రాత్రికి నాన్నగారికి ఫోను చేసి, ఈ ఏడాది పొలం గడువు ఎప్పటికి తీరుతుందో అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో.